రాజధాని లేని మూడు దీవులు

ప్రాథమిక కీ బుధవారం సాయంత్రం నాలుగున్నరకు వచ్చింది. అప్పుడు నేను మిర్యాలగూడలో, పనిచేస్తున్న ప్రైవేటు బడి స్టాఫ్‌రూములో కూర్చుని ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. వాటిని పక్కకు నెట్టి, ఫోను తెరిచి, నా జవాబులు రాసుకున్న కాగితం పరుచుకుని, అదే ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ పోయాను. డెబ్బైనాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది.

టోకెలావ్ రాజధాని ఏది? అటాఫు, నుకునోను, ఫకావోఫో, పైవేవీ కావు. నేను నాలుగోది పెట్టాను. కీలో మూడోది ఉంది.

ఒక్క మార్కే కదా అని స్టాఫ్‌రూములో తెలుగు చెప్పే ఆయన అన్నాడు. అది ఎలాంటి మార్కో ఆయనకు తెలియదు. సూర్యాపేటలో ఒక ట్రస్టు గురుకుల పాఠశాల నడుపుతోంది. అందులో సాంఘికశాస్త్రం చెప్పే పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఒక్కటే. ప్రతి జూన్‌లో ఈ ఏడు మమ్మల్ని ఉంచుకుంటారా లేదా అని యాజమాన్యం ముఖం చూడాల్సిన పని లేని, అరవై ఏళ్ల దాకా ఉండే పోస్టు. సర్కారు నియామకాలను చూసి ఆ ట్రస్టువాళ్లు కూడా రాతపరీక్ష, ప్రాథమిక కీ, అభ్యంతరాలు, తుది కీ అన్నీ పెట్టారు. వయసు పరిమితి కూడా పెట్టారు. దాని ప్రకారం నాకు ఇది చివరి పరీక్ష.

రాసినవాళ్లందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. చీకటి పడేలోపే అందరూ తమ మార్కులు పెట్టేశారు. అందరికంటే పైన, ఒకప్పుడు నాతో పాటు చదివిన కోదాడ ఆవిడ ఉంది. ఆమె తర్వాత నేను. మా మధ్య తేడా ఒక్క మార్కు. ఆమె ఫకావోఫో పెట్టింది. కీ మారితే ఆమెకు ఒకటి తగ్గుతుంది, నాకు ఒకటి పెరుగుతుంది, పోస్టు నాది. మారకపోతే ఆమెది. ఎన్నిసార్లు లెక్క వేసినా ఇంతే.

అభ్యంతరం చెప్పడానికి శుక్రవారం సాయంత్రం ఐదు దాకా గడువు ఇచ్చారు. సూర్యాపేట ఆఫీసులో స్వయంగా ఇవ్వాలి. ఆధారంగా అచ్చయిన పుస్తకం అసలు ప్రతి చూపాలి. ఇంటర్నెట్‌లో తీసిన కాగితాలు చెల్లవు. ఆ చివరి వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ఎందుకంటే టోకెలావ్‌కు రాజధాని లేదన్న మాట అచ్చులో ఉన్న పుస్తకం, నాకు తెలిసి మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడు ఊళ్లలో ఒక్కచోటే ఉంది. కోదాడ గ్రంథాలయంలో, కిటికీ పక్క బీరువాలో, కింది నుంచి రెండో అరలో.

మిర్యాలగూడకు రాకముందు రెండేళ్లు నేను కోదాడలో కిరాయి గదిలో ఉన్నాను. అక్కడి బడిలో చెప్పి, సాయంత్రం గ్రంథాలయానికి పోయేవాణ్ని. పరీక్షలకు చదివేవాళ్లందరికీ అక్కడ ఒక పొడుగు బల్ల ఉండేది. ఫ్యాన్ కింద కుర్చీలు ముందొచ్చినవాళ్లవి. నేను ఒకసారి పెన్ను పెట్టి నీళ్లకు పోయి వచ్చేసరికి ఆ పెన్ను తీసి కిటికీలో పెట్టి నా కుర్చీలో కూర్చున్నాయన ఇప్పుడు సూర్యాపేటలో రెవెన్యూలో ఉన్నాడు. ఎదురైతే నవ్వుతాడు. నేను నవ్వను.

ఆ బల్ల మీదే ఒకరోజు ఆ పుస్తకం దొరికింది. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న చిన్న దీవుల మీద తెలుగులో రాసినది. అట్ట ఊడిపోయింది. మధ్యలో రంగుల జెండాల పేజీలు మాత్రం కొత్తగా ఉన్నాయి. వాటిలో ఒకటి ముదురు నీలం జెండా. దాని మీద పసుపు పచ్చని తెరచాప పడవ, ఎడమవైపు పైన నాలుగు తెల్లని చుక్కలు. పడవ చుక్కల వైపు పోతున్నట్టు ఉంటుంది. అది టోకెలావ్ జెండా. ఆ చుక్కలు మనవాళ్లు త్రిశంకు అనే నక్షత్రాలు. దీవులు మూడే, చుక్కలు నాలుగు. నాలుగోది వాళ్ల చేతి నుంచి పోయిన దీవి అయి ఉంటుందని నేను చాలా రోజులు అనుకున్నాను. పుస్తకం అలా చెప్పలేదు, పడవకు దారి చూపే చుక్కలని మాత్రమే చెప్పింది. కానీ దీవి పోయిన మాట మాత్రం నిజం. టోకెలావ్ వాళ్లు ఒకప్పుడు తమదనుకున్న నాలుగో దీవిని అమెరికా తన లెక్కలో కలుపుకుంది. తర్వాత కాగితాల మీద ఒప్పందం కూడా అయింది. అక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారట. ఆ వాక్యం చదివాక నాకు ఆ మనుషులు బాగా దగ్గరైపోయారు.

మిగతాది కూడా చదివాను. సమోవాకు ఉత్తరాన, సముద్రం మధ్య మూడు పగడపు దీవులు. ఒక్కొక్కటి నడుమ నీటి మడుగును చుట్టుకున్న సన్నని ఇసుక పట్టీ. నది లేదు, కొండ లేదు. నేల సముద్రం కంటే నాలుగైదు మీటర్ల ఎత్తు మించదు. వాన నీళ్లు తొట్లలో పట్టుకుని తాగుతారు. విమానం దిగే చోటు లేదు. ఓడ వచ్చినా ఒడ్డుకు ఆనదు, దూరంగా నిలబడితే చిన్న పడవలు పోయి మనుషుల్ని, బియ్యాన్ని తెచ్చుకుంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పెరూ నుంచి బానిసల ఓడలు వచ్చి పనిచేయగల మగవాళ్లను దాదాపు అందరినీ ఎత్తుకుపోయాయి. పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఆ తర్వాత బ్రిటిష్ వాళ్లు, ఆ తర్వాత న్యూజిలాండ్. మీ అంతట మీరు ఏలుకుంటారా అని రెండుసార్లు ఓటు పెట్టారు. మూడింట రెండు వంతులు రావాలన్నారు. రెండోసారి కొద్ది ఓట్లలో తప్పిపోయింది. ఇప్పటికీ న్యూజిలాండ్ కిందే ఉన్నారు. మూడు దీవులకూ మూడు పెద్దల సభలు. పెద్దరికం ఏడాదికి ఒక దీవి చొప్పున తిరుగుతుంది. ఈ ఏడు అటాఫు అయితే పై ఏడు ఇంకోటి. అందుకే రాజధాని లేదు. ఆ మాట పుస్తకంలో విడిగా ఒక వాక్యంగా ఉంది. పేజీ కూడా నాకు గుర్తే.

కోదాడ ఆవిడ ఆ బల్ల దగ్గర నాకు ఎదురుగా కూర్చునేది. ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెబుతూ పరీక్షలకు చదివేది. నాకంటే చిన్నది, అన్నా అని పిలిచేది. ఒకరోజు చేపల సంగతి చదివి వినిపించాను. ఆ దీవుల్లో ఊరంతా కలిసి పట్టిన చేపల్ని ఒడ్డున కుప్పలు పోసి ఇంటింటికీ సమానంగా పంచుతారు. వేటకు పోలేని ముసలివాళ్లకూ, మగదిక్కు లేని ఇళ్లకూ అదే వాటా. మా తిరుమలగిరి దిక్కు కూడా ఇంతేనని చెప్పాను. పది ఇళ్లవాళ్లు కలిసి యాటను, అంటే పొట్టేలును, కోస్తే మోదుగాకుల మీద పోగులు వేస్తారు. ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద పుల్ల పెట్టి ఇదెవరిది అంటే, చూడనివాడు పేరు చెబుతాడు. ఎవరికి బొక్క ఎక్కువ పోయిందని కొట్లాడే వీలు ఉండదు.

"మరి మీ ఇంటికి సరిగ్గానే వచ్చేదా అన్నా?" అని ఆమె అడిగింది.

ఒకసారి రాలేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన గొర్రెల మందతో ఊరు దాటి ఉంటే, ఆ రోజు మా పోగే వేయలేదు. ఎవరు లెక్క పెట్టారో, ఎవరు మరిచామన్నారో ఇప్పటికీ చెప్పగలను. ఆమెకు చెప్పాను కూడా. ఆమె నవ్వి, నిన్ను ఆ దీవిలో దింపితే అక్కడ కూడా పిటిషన్ పెడతావంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. అప్పటి నుంచి నన్ను అందరూ పిటిషన్ సార్ అనడం మొదలుపెట్టారు. అది ఆమె పెట్టిన పేరే.

ఇక ఫకావోఫో ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. మిర్యాలగూడలో ఒక కోచింగ్ సెంటర్ ఉంది. దాన్ని నడిపే సారు తనే ఒక గైడు అచ్చు వేసి అమ్ముతాడు. ఈ చుట్టుపక్కల పరీక్షలు రాసేవాళ్లందరి చంకలో అదే ఉంటుంది. అందులో దేశాలు, రాజధానులు అనే పట్టికలో టోకెలావ్ ఎదురుగా ఫకావోఫో అని ఉంది. నేను ఆదివారం క్లాసులకు పోతున్నప్పుడు లేచి నిలబడి అది తప్పని చెప్పాను. ఆయన సుద్దముక్క పక్కన పెట్టి, నిండిన క్లాసులో అన్నాడు.

"రాజధాని లేని రాజ్యం ఉంటదానయ్యా? మంద లెక్కనా, యాడ పొద్దుగూకితే ఆడ పండుడు?"

మా నాయన గొర్రెలు కాస్తాడని ఆయనకు తెలుసు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఏ వరుస నుంచి మొదలైందో కూడా నాకు గుర్తుంది. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఆయన తెలియక చెప్పింది దాదాపు నిజమే అనిపించింది. ఆ దీవుల పెద్దరికం అచ్చంగా అట్లాగే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది. కానీ ఆయన ఎగతాళిగా అన్నాడు.

గురువారం పొద్దున్నే మొదట ఆయన దగ్గరికే పోయాను. గైడులో తప్పు పడిందని ఒక కాగితం రాసిస్తే పుస్తకం దొరకకపోయినా పనికొస్తుందనుకున్నాను. ఆయన బల్ల మీద ఇడ్లీ పొట్లం విప్పుకుంటున్నాడు. కూర్చోమనలేదు. మొత్తం విన్నాడు.

"సూర్యాపేటకు జిల్లా ఇచ్చి మిర్యాలగూడకు ఇయ్యకపాయిరి. నీ దీవులకు రాజధాని లేదని నేను రాసియ్యాల్నా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి చేయి కడుక్కుని వచ్చి, ఈసారి నెమ్మదిగానే చెప్పాడు. "సూడు, వాళ్లు ప్రశ్న నా గైడులకెల్లి తీసిండ్రు. జవాబు గూడ నా గైడులదే పెట్టిండ్రు. అంటే నాది కరెక్టే గద. పరీక్షల నిజం రాస్తరా ఎవరన్నా? కీ రాస్తరు."

ఆ మాట నేను పదకొండేళ్లుగా వింటున్నాను. పరీక్షలు రాసేవాళ్ల పద్ధతే అది. ప్రశ్న చూడగానే జవాబు ఏమిటని కాదు, ఈ ప్రశ్న పెట్టినవాడు ఏ పుస్తకం చూసి ఉంటాడని ఆలోచిస్తారు. తెలిసిన నిజాన్ని పక్కన పెట్టి, తెలిసిన తప్పును గుండ్రంగా నింపుతారు. అట్లా నింపినవాళ్లలో చాలామంది ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. నాకు చేతకాలేదు. తప్పని తెలిసినదాన్ని దిద్దడానికి చేయి వస్తుంది కానీ, రాయడానికి రాదు.

బడిలో రెండు రోజుల సెలవు అడిగితే సగం రోజే ఇస్తామన్నారు, మిగతాదానికి జీతం కోస్తామన్నారు. అది కూడా రాసి పెట్టుకున్నాను. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సు ఎక్కాను. కోదాడ గ్రంథాలయం పొద్దున పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి. నేను దిగేసరికి పదకొండు దాటి పది నిమిషాలైంది. తాళం ఇంకా ఊగుతున్నట్టే అనిపించింది. మరుసటి రోజు శుక్రవారం, గ్రంథాలయానికి వారపు సెలవు. అంటే నాలుగు గంటల తర్వాత దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. బస్టాండులో కూర్చున్నాను. అన్నం పొట్లం కొని విప్పకుండానే చేతిలో పట్టుకున్నాను. ఎవరైనా ఆ పేజీ చించి ఉంటారా? చెదలు పట్టి ఉంటుందా? పాత పుస్తకాలు తూకానికి వేసి ఉంటారా? ఇట్లాంటివి అడుక్కుంటూ కూర్చుంటే నాలుగయ్యేదాకా పొద్దుపోవడం ఎంత కష్టమో ఆ బస్టాండు బల్లకు తెలుసు.

తలుపు తీయగానే నేనే మొదటివాణ్ని. కిటికీ పక్క బీరువా, కింది నుంచి రెండో అర. పుస్తకాలు వరుసగా ఉన్నాయి, మధ్యలో ఒకటి మాత్రం లేదు. ఖాళీలోకి పక్కది వాలి ఉంది.

అటెండర్ నన్ను గుర్తుపట్టాడు. రిజిస్టరు తిప్పి చూసి, "నిన్ననే తీస్కపాయిందయ్యా మేడం. ఆరింటప్పుడు," అన్నాడు.

కీ నాలుగున్నరకు వచ్చింది. నేను మెట్లు దిగుతూ ఆ గంటన్నరను మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను.

ఆమె ఇల్లు బస్టాండు వెనక సందులో. వసారాలో ట్యూషన్ పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆమె అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఎవరయ్యా మీరని అడిగింది. నేను చెప్పేలోపే ఆవిడ లోపలి నుంచి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసింది, నీళ్లు ఇచ్చింది. నేను నీళ్లు తాగలేదు.

"పుస్తకం నీ దగ్గరున్నదా చెల్లె?"

"ఉందన్నా."

"నాకు రేపటికి కావాలె. ఎందుకో నీకు తెలుసు."

"తెలుసు." గడప మీద కూర్చుంది. పిల్లల వైపు చూస్తూ చెప్పింది. "నీకు దొరక్కూడదనే తెచ్చాను."

ఏదో సాకు చెబుతుందని నేను దారి పొడుగునా ఎదురు మాటలు తయారు చేసుకుని వచ్చాను. ఆ ఒక్క మాటతో అవన్నీ పనికిరాకుండా పోయాయి. చివరకు నేను అడగదలచుకున్నది అడిగాను.

"నువ్వు గూడ చదివినవ్ గద. నిజం తెల్సి ఫకావోఫో ఎట్ల పెట్టినవ్?"

"నేను ఉద్యోగం కోసం రాశానన్నా. టోకెలావ్ కోసం కాదు." కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "పెట్టేటప్పుడు నువ్వే గుర్తొచ్చావు. ఈయన తప్పకుండా నాలుగోది పెడతాడు అనుకున్నా."

పుస్తకం ఇప్పుడే ఇవ్వమన్నాను. ఇవ్వనంది. కార్డు తనది, పోతే తనే జవాబు చెప్పాలంది. మరి నా సంగతి ఏమిటన్నాను. రేపు తనే సూర్యాపేటకు తెస్తానంది.

"ఎన్నింటికి?"

"తెస్తానన్నాగా."

నేను లేచి వచ్చేశాను. నా జీవితానికి మిగిలిన ఒక్క పేజీని, అది తెరుచుకుంటే నష్టపోయే మనిషి చేతిలో వదిలి బస్సు ఎక్కాను. మా ఆవిడకు చెబితే, నీకు పిచ్చిగిన పట్టిందా, గుంజుకోని రావద్దా అంది. గుంజుకునే పనైతే చిన్నప్పుడే మా పోగు గుంజుకునేవాళ్లం కదా అన్నాను. నిజానికి ఆ సమయంలో నాకే నమ్మకం లేదు.

శుక్రవారం పదకొండుకే సూర్యాపేట ఆఫీసులో ఉన్నాను. కౌంటర్ దగ్గర ఒక గుమాస్తా, గోడ పక్కన ఒక బెంచీ. అర్జీ రాసి, నా హాల్‌టికెట్ జిరాక్స్ జోడించి, ఆధారం అన్నచోట పుస్తకం పేరు, పేజీ నంబరు వేసి పెట్టుకున్నాను. పుస్తకమే లేదు. పన్నెండుకు ఆమెకు ఫోన్ చేశాను. స్విచాఫ్. ఒంటిగంటకు, స్విచాఫ్. రెండుకు గుమాస్తా అన్నం తిని వచ్చి, ఇంకా కూర్చున్నారా సార్ అన్నాడు. మూడు గంటలకు ఒకసారి బయటకు వచ్చి కోదాడ నుంచి వచ్చే బస్సుల్ని చూశాను. మళ్లీ భయమేసి లోపలికి వచ్చాను, నేను బయట ఉండగా ఆమె వచ్చి పోతే ఏమిటని.

టోకెలావ్ క్యాలెండర్‌లో ఒక రోజు లేదు. తేదీ రేఖకు ఇటువైపు మారదామని నిర్ణయించుకుని, ఒక డిసెంబరు చివర ఒక తేదీని దాటేశారు. గురువారం పడుకుని శనివారం లేచారు. ఆ శుక్రవారం ఎవరికీ రాలేదు. బెంచీ మీద కూర్చుని నేను ఆ శుక్రవారం గురించే ఆలోచించాను. ఆ రోజు గడువున్న పని ఎవరికైనా ఉండి ఉంటే వాళ్లు ఎవరికి ఫిర్యాదు చేసి ఉంటారు?

నాలుగుంపావుకు గుమాస్తా రబ్బరు ముద్రలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పుస్తకం లేకుండా అర్జీ తీసుకుంటారా అని అడిగాను. తీసుకుంటాం గానీ చెల్లదన్నాడు. చెల్లనిది ఎందుకు తీసుకుంటారంటే, ఇచ్చేవాళ్లుంటే తీసుకోవాలె గద అన్నాడు.

ఆమె నాలుగున్నర దాటాక ఆటో దిగింది. చంకలో తన చిన్న పాప, భుజానికి సంచి. మునగాల దగ్గర బస్సు ఆగిపోయిందని, ఇంకో బస్సు పట్టుకుని వచ్చానని చెప్పింది. ఫోన్ ఎందుకు ఎత్తలేదన్నాను.

"ఆపేసుకున్నానన్నా. మోగితే ఎవరో ఒకరు ఎక్కడికెళ్తున్నావంటారు. చెప్తే తిరిగొచ్చేయమంటారు. తిరిగెళ్లిపోతానేమోనని."

సంచిలో నుంచి పుస్తకం తీసింది. పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది. పేజీ దగ్గర బస్సు టికెట్ పెట్టి ఉంది. గుమాస్తా కళ్లద్దాలు పెట్టుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. గ్రంథాలయం ముద్ర చూశాడు. జిరాక్స్ తీయించి, పక్కన అసలుతో సరిచూశాను అని రాసి సంతకం పెట్టాడు. అప్పుడు ఆమె వైపు తిరిగి, మీరు గూడ అభ్యంతరానికే వచ్చిండ్రా మేడం అని అడిగాడు.

"కాదండీ. నాది ఫకావోఫోనే," అంది.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నాలుగూ యాభైకి ముద్ర పడింది. బయటకు వచ్చాక టీ తాగుదామన్నాను. వద్దన్నా, బస్సుంది అంటూ వెళ్లిపోయింది. నేను కృతజ్ఞత చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. టీ వద్దన్నది మాత్రం గుర్తుంది.

తర్వాత రెండు వారాలు నేను మనిషిలా లేను. పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగేవాణ్ని. మా నాయన తిరుమలగిరి నుంచి రోజూ ఫోన్ చేసి, ఇంకా తేలలేదా బిడ్డా అనేవాడు. ఆయనకు దీవుల సంగతి తెలియదు. ఒక ప్రశ్న మీద తగాదా అని మాత్రం చెప్పాను.

తుది కీ ఒక సోమవారం వచ్చింది. డెబ్బైనాలుగు ఎదురుగా నాలుగోదీ లేదు, మూడోదీ లేదు. ప్రశ్న తొలగించబడింది, అభ్యర్థులందరికీ ఒక మార్కు కలపబడింది అని ఉంది. ఫకావోఫో పెట్టినవాళ్లకు ఒకటి. అటాఫు పెట్టినవాళ్లకు ఒకటి. ఏమీ పెట్టకుండా వదిలేసినవాళ్లకు కూడా ఒకటి. నాకు ఒకటి. కీలో తన జవాబు మూడోదే కాబట్టి ఆమెకు ఆ మార్కు ముందే ఉంది, ఇప్పుడు ఈ రూపంలో ఉంది. నాకొకటి పెరిగింది. మా ఇద్దరికీ సమానం అయ్యింది. సమానమైతే ఏమవుతుందో నిబంధనల్లో చిన్న అక్షరాల్లో ఉంది. సబ్జెక్టు భాగంలో మార్కులు ఎక్కువ ఉన్నవారికి ప్రాధాన్యం. ఆ భాగంలో ఆమెకు నాకంటే రెండు ఎక్కువ. పోస్టు ఆమెది.

మా ఆవిడ, నువ్వు గెలిచినవా, ఓడినవా అని అడిగింది. నేను తెల్లకాగితం తీసి కొత్త అర్జీ మొదలుపెట్టాను.

రెండు రోజులకు రెండు పేజీల అర్జీతో మళ్లీ సూర్యాపేట పోయాను. మొదటి పేజీలో, ప్రశ్న తప్పు కాదని, సరైన జవాబు నాలుగోది అని, దాన్ని తొలగించడం కాదు, కీ దిద్దడం న్యాయమని రాశాను. రెండో పేజీలో, కీ దిద్ది మార్కులు తిరిగి లెక్కించాలని, అప్పటిదాకా నియామకం ఆపాలని రాశాను. గుమాస్తా అదే కుర్చీలో ఉన్నాడు. రెండూ చదివాడు.

"అందరికి ఇస్తే ఎవరు కొట్లాడరని పెద్దసార్లు గట్ల చేసిండ్రు సార్," అన్నాడు.

"నేను కొట్లాడుతున్న గద."

"అదే జెప్తున్న. ఇది తీసుకుంటే ఎంక్వైరీ అయితది. ఆ మేడం ఆర్డరు ఆగుతది. ఈలోపు బడి తెరుస్తరు. జాగ ఖాళీగుంటే ఉన్నోళ్లతోని నడుపుకుందమని ఆ పోస్టే తీసేస్తరు. పోయినేడు హిందీ పోస్టుకు గట్లనే అయింది. మీకు రాదు, ఆమెకు రాదు. జర ఆలోచించుకోండ్రి."

పోయి ఆ బెంచీ మీదే కూర్చున్నాను. ఆయన నన్ను వదిలించుకోవడానికి అంటున్నాడేమో అనుకున్నాను. అట్లా అన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. కానీ ఆయన కాగితం వెనక్కి తోయలేదు, అక్కడే తన చేతి కింద పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఆ పోస్టు నాది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ నిజమే అనిపించింది. దాంతో పాటే ఫోన్ ఆపేసుకుని, పాపను చంకన వేసుకుని, మునగాల దగ్గర ఇంకో బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ మనిషి కూడా కనిపించింది. ఆమె ఆ రోజు రాకపోయినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. నేను తప్ప.

అరగంట తర్వాత లేచి పోయి రెండో పేజీ అడిగి తీసుకున్నాను. మడిచి జేబులో పెట్టుకుని, మొదటిది తీసుకోమన్నాను.

గుమాస్తా దాన్ని మళ్లీ చదివి, "మరి ఇందుల మీకేం గావాలె సార్?" అన్నాడు.

"టోకెలావ్‌కు రాజధాని లేదని రాసియ్యండ్రి."

"గది మేమెట్ల రాసిస్తం?"

ఎట్లా రాయాలో చెప్పాను. ఆయన ముద్ర వేశాడు. నా ప్రతి మీద కూడా వేయించుకున్నాను. ఇప్పటికి జవాబు రాలేదు. నెలకొకసారి పోయి అడుగుతున్నాను. ఆ మూడు దీవులకు రాజధాని లేదన్న మాటను ఒక ఆఫీసు ఒప్పుకోవడానికి ఎంత కాలం పడుతుందో చూస్తాను. ఆ మార్కు నా ఒక్కడిదే అని కూడా ఇప్పటికీ అంటాను.

ఆమె జూన్‌లో చేరింది. చేరిన రోజే మెసేజ్ పెట్టింది. జాయినయ్యాను అన్నా, పుస్తకం గ్రంథాలయంలో ఇచ్చేశాను, అని. కింద ఇంకేమీ లేదు. నేను ఇంకా జవాబు రాయలేదు. రోజూ ఒకసారి తెరుస్తాను. సంతోషం అని రాయబోతే చేయి ఆగుతుంది. వేరేది ఏది మొదలుపెట్టినా రెండో వాక్యానికల్లా అర్జీ అయి కూర్చుంటుంది. రాస్తాను. మొదటి మాట ఏదో ఇంకా దొరకలేదు.